దూరం నుంచి ఆజ్ఞ: బోరు మోటారు నుంచి ఆటల సర్వరు వరకు

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట ప్రాంతంలో ఇల్లు ఒకచోట, బోరు మరొకచోట ఉంటవి. రెంటికీ మధ్య ఒకటి రెండు కిలోమీటర్ల దూరం ఉండడం వింత కాదు. కృష్ణానది ఈ జిల్లాల అంచున పారుతున్నా, ఎత్తయిన చెలకలకు ఆ నీరు తనంతట తాను ఎక్కదు. దేవరకొండ వైపు బత్తాయి తోట కానీ, అచ్చంపేట వైపు వేరుశెనగ చేను కానీ తడవాలంటే గ్రానైటు రాతి పగుళ్ళలో నిలిచిన నీటిని మోటారు పైకి తోడవలసిందే. 2004లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించినది. అయితే అది రోజంతా వచ్చేది కాదు. కొన్ని గంటలు, అదీ విడతలుగా, తరచు అర్ధరాత్రి దాటిన తరువాత వచ్చేది. రైతు టార్చిలైటు, చేతికర్ర పట్టుకొని చీకటిలో బోరు దగ్గరకు పోవలసి వచ్చేది. గట్టు మీది పాము, తడిచేతికి తగిలే కరెంటు – ఈ రెంటి వలన పోయిన ప్రాణాలు తక్కువేమీ కావు.

బోరు దగ్గర ఆ రైతుకు కావలసినది ఒక చిన్న డబ్బా. దాని మూతకు తాళం ఉంటుంది. లోపల ఒక ఆకుపచ్చ మీట, ఒక ఎర్ర మీట, కరెంటు కొలిచే ఆమీటరు ఉంటవి. తాళంచెవి ఉన్నవాడే మీట నొక్కగలడు. నొక్కినపుడు మోటారు కదులుతుంది. కదిలినదీ లేనిదీ ఆమీటరు ముల్లు చెబుతుంది. అధికారం, ఆజ్ఞ, ప్రత్యుత్తరం – మూడూ ఒకే డబ్బాలో ఇమిడినవి. కంప్యూటర్ల శాస్త్రంలో ఇటువంటి దానిని కన్సోలు అంటారు. యంత్రం ఎదుట కూర్చుని దానిని నడిపే పీఠం అన్నమాట.

కన్సోలును యంత్రం నుంచి విడదీసి దూరంగా పెట్టవచ్చునా? ఈ ప్రశ్న బోరు మోటారుతో పుట్టినది కాదు.

1940 సెప్టెంబరు 11న అమెరికాలో హానోవర్ అనే చిన్న పట్టణంలో, డార్ట్‌మత్ కళాశాలలో గణిత శాస్త్రజ్ఞుల సభ జరిగినది. బెల్ ప్రయోగశాలకు చెందిన జార్జ్ స్టిబిట్జ్ టెలిఫోను రిలేలతో ఒక గణన యంత్రం కట్టి ఉన్నాడు. యంత్రం న్యూయార్కులో ఉన్నది; దానిని మోసుకొని రావడానికి వీలులేదు. అందుచేత ఆయన సభాస్థలిలో ఒక టెలిప్రింటరు పెట్టి, తంతి మార్గాన దానిని న్యూయార్కు యంత్రంతో కలిపినాడు. సభికులు సంకీర్ణ సంఖ్యల లెక్కలు టైపు చేస్తే, జవాబు అదే టెలిప్రింటరు మీద అచ్చయి వచ్చినది. ఆ సభలో నార్బర్ట్ వీనర్, జాన్ వాన్ నాయ్‌మన్ వంటివారు ఉన్నారు. కంప్యూటరు వంటి యంత్రాన్ని దూరం నుంచి నడిపిన తొలి సందర్భంగా దీనిని చెబుతారు. (బోరు స్టార్టరులో టక్కున చప్పుడు చేసే కాంటాక్టరు కూడా ఆ రిలే జాతిదే.) ఇక్కడ తాళంచెవి అవసరం లేకపోయినది. తీగకు రెండే కొసలు. ఒక కొసన ఉన్నవాడు ఎవరో రెండవ కొసకు తెలుసు.

తీగలు వలగా అల్లుకొన్న తరువాత కథ మారినది. 1969 అక్టోబరు 29 రాత్రి, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి చార్లీ క్లైన్ అనే విద్యార్థి సుమారు 560 కిలోమీటర్ల దూరంలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటరులోకి ప్రవేశించబోయినాడు. నేటి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ మీద పోయిన తొలి సందేశం అదే. అతడు కొట్టవలసిన పదం ‘లాగిన్’. ఇంగ్లీషులో దానికి అయిదు అక్షరాలు. మొదటి అక్షరం కొట్టి, పక్కనే ఉన్న టెలిఫోనులో ‘అందినదా?’ అని అడిగినారు. ‘అందినది’ అని అవతలివారు చెప్పినారు. రెండవ అక్షరం కూడా అందినది. మూడవ అక్షరం దగ్గర అవతలి కంప్యూటరు నిలిచిపోయినది. ఒక గంట తరువాత గాని పని పూర్తి కాలేదు. చరిత్ర పుస్తకాలు ఆ రెండు అక్షరాలనే గుర్తుంచుకొన్నవి గాని, టెలిఫోను సంగతి కూడా గుర్తుంచుకోదగ్గదే. ఆజ్ఞ పంపే మార్గం కొత్తది; అందినదని తెలుసుకొనడానికి మాత్రం ఇంకా మనిషి గొంతే కావలసి వచ్చినది.

ఇక ఆటల మాట. పది ఊళ్ళలో ఉన్న పదిమంది ఒకే ఆట ఆడాలంటే, ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరి దెబ్బ ఎవరికి తగిలినదో తేల్చడానికి కబడ్డీలో అంపైరు వంటి మధ్యవర్తి కావాలి. ఆ పని చేసే కంప్యూటరు ప్రోగ్రామే ఆటల సర్వరు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు ‘మడ్’ అనే ఆటకు శ్రీకారం చుట్టినారు. అందులో బొమ్మలు లేవు, అన్నీ మాటలే. ఆటగాడి ఆజ్ఞ, నిర్వాహకుని ఆజ్ఞ ఒకే టెర్మినలు మీద, ఒకే తీరున టైపు చేసేవారు.

1996లో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన ‘క్వేక్’ ఆట నాటికి పరిస్థితి వేరు. సర్వరు ఎక్కడో ఒక భవనంలో, బీరువా వంటి చట్రంలో, తెర గాని మీటల పలక గాని లేకుండా పడి ఉంటుంది. నిర్వాహకుడు తన ఇంట్లో ఉంటాడు. ఆటలో మోసం చేసేవానిని బయటకు పంపాలన్నా, ఆడే స్థలం మార్చాలన్నా అతడు దూరం నుంచే చేయాలి. ఇందుకోసం పుట్టినదే ‘ఆర్‌కాన్’, అనగా దూరపు కన్సోలు. క్వేక్‌కు ఇంటర్నెట్ కోసం తయారైన రూపంలో దీని పద్ధతి మిక్కిలి సరళం: 255 విలువ గల నాలుగు బైట్లు, ఆపైన ఆర్‌కాన్ అనే మాట, సంకేతపదం, ఆజ్ఞ – అన్నీ ఒకే పొట్లంలో కట్టి వదిలేయడమే.

అది పోస్టుకార్డు వంటి పద్ధతి. కార్డు చేరిందో లేదో డబ్బాలో వేసినవానికి తెలియదు. దారిలో ఎవరైనా చదవవచ్చు. ఇంకొకరి పేరు పెట్టి రాయనూ వచ్చు. 1998లో వచ్చిన ‘హాఫ్-లైఫ్’ ఆటలో దీనికి కొంత మరమ్మతు జరిగినది. నిర్వాహకుడు ముందుగా ఒక సంఖ్యను అడగాలి. సర్వరు ఇచ్చిన ఆ సంఖ్యను ఆజ్ఞతో జోడించి పంపాలి. దొంగ చిరునామాతో రాసేవానికి ఆ సంఖ్య చేరదు కనుక వాని ఆట సాగదు. కాని సంకేతపదం అప్పటికీ బహిరంగంగానే ప్రయాణం చేసేది.

తరువాత వాల్వ్ సంస్థ తన ‘సోర్స్’ ఆటల కోసం పోస్టుకార్డును విడిచి, రసీదు వచ్చే రిజిస్టరు ఉత్తరం వంటి టీసీపీ పద్ధతిని పట్టుకొన్నది. ఈ ఆర్‌కాన్ నియమాలనే ‘మైన్‌క్రాఫ్ట్’ ఆట సర్వరు కూడా స్వీకరించినది. (హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల అధిపతి అయిన 2014వ సంవత్సరంలోనే మైక్రోసాఫ్ట్ ఆ ఆటను తయారుచేసిన మోయాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది.) ఈ నియమాలు ఎంత చిన్నవంటే, ప్రోగ్రాములు రాయడం నేర్చుకొనే ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా నిర్వాహకుని వైపు ప్రోగ్రామును, అనగా క్లయింటును, సొంతంగా కట్టగలడు.

ఉదాహరణకు ఆటలో ఎవరెవరు ఉన్నారో అడిగే ‘స్టేటస్’ ఆజ్ఞను తీసుకొందాం. ఇంగ్లీషులో ఆరు అక్షరాలు గనుక ఆరు బైట్లు: 115, 116, 97, 116, 117, 115. వెనుక రెండు సున్నాలు. ముందు రెండు సంఖ్యలు, ఒక్కొక్కటి నాలుగు బైట్లు: ఒకటి ఈ ఆజ్ఞకు పెట్టుకొన్న వరుస సంఖ్య, రెండవది ఆజ్ఞ జాతి. వరుస సంఖ్య 7 అనుకొంటే 7, 0, 0, 0 అని రాయాలి. చిన్న స్థానపు బైటు ముందు రావడం ఇక్కడి ఆచారం. ఆజ్ఞ జాతి 2 కనుక 2, 0, 0, 0. ఇప్పటికి 4, 4, 6, 2 కలిపి 16 బైట్లు. ఈ మొత్తాన్ని అన్నిటికంటె ముందు 16, 0, 0, 0 అని పెట్టాలి. పొట్లం మొత్తం పొడవు 20 బైట్లు. అయితే పొడవు చెప్పే సంఖ్య తనను తాను లెక్కలో చేర్చుకోదు. మొదటిసారి రాసేవారు తప్పటడుగు వేసేది సాధారణంగా ఇక్కడే.

ఆజ్ఞకు ముందు తాళం తీయాలి. జాతి 3గా పెట్టి, సంకేతపదాన్ని ఇదే విధంగా కట్టి పంపితే, సర్వరు అదే వరుస సంఖ్యతో జవాబిస్తుంది. సంకేతపదం తప్పయితే వరుస సంఖ్య స్థానంలో -1 వస్తుంది, అనగా నాలుగు బైట్లూ 255. తిరస్కారాన్ని ఇంత క్లుప్తంగా చెప్పే పద్ధతి మరొకటి ఉండదేమో!

అసలు కష్టం జవాబు చదవడంలో ఉన్నది. టీసీపీ మార్గం పైపు వంటిది. పొట్లాలు పొట్లాలుగా కాక ధారగా వస్తుంది. ఒకసారి చూస్తే సగం జవాబే ఉండవచ్చు. ఇంకొకసారి ఒకటిన్నర ఉండవచ్చు. అందుచేత క్లయింటు మొదట నాలుగు బైట్లు చదివి పొడవు తెలుసుకొని, అన్ని బైట్లు నిండేవరకు ఓపికగా కూడబెట్టాలి. అంతటితో అయిపోలేదు. జవాబు నాలుగు వేల బైట్లు దాటితే సర్వరు దానిని ముక్కలు చేసి పంపుతుంది. ‘ఇదే చివరి ముక్క’ అని చెప్పే గుర్తు మాత్రం ఆ నియమాలలో లేదు! కొంతసేపు ఆగి, ఇక రాదులే అనుకొనడం ఒక పద్ధతి. అది నమ్మదగినది కాదు. మార్గం మందగించిన రోజున ఆలస్యానికీ, ముగింపుకూ భేదం తెలియదు.

దీనికి ప్రోగ్రాములు రాసేవారు ఒక ఉపాయం కనిపెట్టినారు. అసలు ఆజ్ఞ వెనుకనే వేరొక వరుస సంఖ్యతో ఒక ఖాళీ పొట్లాన్ని పంపుతారు. సర్వరు వచ్చినవాటికి వచ్చిన వరుసలోనే జవాబిస్తుంది. కాబట్టి రెండవ సంఖ్యతో ఏదో ఒక జవాబు కనిపించిన క్షణాన, మొదటి జవాబు ముక్కలన్నీ వచ్చేసినట్లే. కాలువలో నీళ్ళు వదిలి, వాటి వెనుక ఒక ఆకు వేసి, కింది మడిలో ఆకు కనిపించే వరకు కాచుకొనడం వంటిది ఇది.

సంకేతపదం బహిరంగంగా పోయే లోపం మాత్రం ఇందులోనూ మిగిలినది. ఫిన్లండు దేశస్థుడు తాతు ఉలోనెన్ 1995లోనే ఇటువంటి బాధకు విరుగుడుగా, మార్గమంతటినీ రహస్యలిపిలో నడిపే ‘ఎస్‌ఎస్‌హెచ్’ను తయారుచేసి ఉన్నాడు. తెలిసిన నిర్వాహకులు ఆర్‌కాన్‌ను ఆ సొరంగంలో నుంచే పంపుతారు.

ఆటలో పొరపాటు జరిగితే పోయేది ఆటే. బోరు దగ్గర అంతకంటె విలువైనవి పోతవి. ఆ చీకటి నడక తప్పించడానికి వచ్చిన మొబైల్ స్టార్టరును విప్పి చూస్తే, కనిపించేది మళ్ళీ ఆ మూడు భాగాలే. డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. పుణెకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన ‘నానో గణేశ్’ ఈ కోవలో పేరు పొందినది. రైతు ఇంటి నుంచి ఫోను చేస్తాడు. తెలిసిన నంబరు అయితేనే డబ్బా మాట వింటుంది – ఇది తాళం. ఫోను మీద అంకె నొక్కితే మోటారు మొదలవుతుంది లేదా ఆగుతుంది – ఇది ఆజ్ఞ. డబ్బా తిరిగి శబ్దంతోనో, సందేశంతోనో జవాబిస్తుంది.

అయితే ఏమని జవాబిస్తుంది? ‘నీ ఆజ్ఞ అందినది’ అనడం వేరు, ‘పని జరిగినది’ అనడం వేరు. రిజిస్టరు ఉత్తరం రసీదు మొదటిదే చెబుతుంది. కాంటాక్టరు మూసుకొన్నంత మాత్రాన మూడు ఫేజులూ ఉన్నట్లు కాదు. మోటారు తిరిగినంత మాత్రాన నీరు పడుతున్నట్లు కాదు. ఎండాకాలంలో రాతి పగుళ్ళు ఖాళీ అయితే మోటారు వట్టినే తిరిగి వేడెక్కి కాలిపోవచ్చు. మంచి స్టార్టర్లు దీనిని కరెంటును బట్టి పసికడతవి: నీటి బరువు లేనపుడు మోటారు తీసుకొనే కరెంటు తగ్గుతుంది, తగ్గగానే డబ్బా మోటారును ఆపి, ఆ సంగతి రైతుకు చెబుతుంది. పాత డబ్బాలోని ఆమీటరు ముల్లే ఈ విధంగా ఫోనులోకి చేరినది.

దీనికి పూర్వం నుంచీ ఈ జిల్లాలలో ఎక్కువగా వాడిన ఆటో స్టార్టరు వేరే జాతి. కరెంటు రాగానే అది మోటారును తనంతట తానే వేస్తుంది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు. అది ఎవరికీ జవాబు చెప్పదు. విడతల కరెంటు రోజులలో అది రైతుకు కంటినిండా నిద్ర ఇచ్చినది, కాదనలేం. తెలంగాణ ప్రభుత్వం 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టినపుడు మాత్రం, ఈ డబ్బాలను తీసివేయవలసిందిగా రైతులను కోరినది. రాత్రింబవళ్ళు ఆగకుండా తిరిగే మోటార్లు భూగర్భజలాన్ని అడుగంటా తోడివేస్తవని భయం.

మొబైల్ స్టార్టరు ఉన్న రైతు కూడా ఒక్కొక్కసారి మోటారు వేసిన తరువాత, పక్క చేనులో ఉన్నవానికి ఫోను చేసి ‘అన్నా, మా పైపుల నీళ్ళొస్తున్నయా?’ అని అడుగుతాడు. 1969లో లాస్ ఏంజెలెస్ నుంచి టెలిఫోనులో అడిగిన ప్రశ్న కూడా దాదాపు ఇదే.