మాట వెనుక కథ: హార్స్‌పవర్

బోరు మోటారు మాటొస్తే రైతు మొదట అడిగేది "ఎన్ని హెచ్‌పీ?" అనే. దీనికి తెలుగులో అశ్వశక్తి, అశ్వసామర్థ్యం అని రెండు మాటలున్నాయి. భౌతికశాస్త్రంలో శక్తి వేరు, సామర్థ్యం వేరు. ఎంత పని అన్నది శక్తి, ఎంత వేగంగా అన్నది సామర్థ్యం. కాబట్టి రెండో మాటే సరైనదని నా అభిప్రాయం.

ఈ గుర్రాన్ని లెక్కల్లోకి తెచ్చినవాడు స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ వాట్. 18వ శతాబ్దం చివర ఆయన ఆవిరి యంత్రాలు అమ్మేవాడు. కొనేవాళ్ల మిల్లులను అప్పటికి గుర్రాలే తిప్పుతున్నాయి. తన యంత్రం ఎన్ని గుర్రాల పెట్టో వాళ్లకు తెలిసే భాషలోనే చెప్పాలి. అందుకని నిమిషంలో 33,000 పౌండ్ల బరువును అడుగు ఎత్తు లేపడాన్ని ఒక గుర్రం పనిగా కట్టాడు. రోజంతా అదే జోరున లాగడం మామూలు గుర్రం వల్ల కాదు. అయినా ఆ అంకే నిలిచింది.

1882లో బ్రిటన్ శాస్త్రవేత్తలు సామర్థ్యం కొలతకు ఆయన పేరే పెట్టారు. ఒక హార్స్‌పవర్ అంటే సుమారు 746 వాట్లు. యూరప్‌లో వాడే మెట్రిక్ హార్స్‌పవర్ కాస్త చిన్నది, దాదాపు 735.5 వాట్లు. 5 హెచ్‌పీ మోటారు ఇరుసు దగ్గర ఇచ్చేది 3.73 కిలోవాట్లు; కరెంటు అంతకన్నా ఎక్కువే లాగుతుంది. మోటారు పలక మీద కిలోవాట్లే రాసి ఉంటే, ఆ అంకెను 0.746తో భాగించి చూసుకోండి.