ఓడినవారి సాక్ష్యం

జపాను ముష్టియోధుడు నవోయా ఇనౌయె 2025 డిసెంబరు నాటికి 32 పోరాటాలు చేసి, ముప్పైరెండింటా గెలిచాడు. వాటిలో 27 పోరాటాలు నిర్ణీత రౌండ్లు పూర్తికాకుండానే ముగిశాయి. నాలుగు వేర్వేరు బరువు తరగతులలో ప్రపంచవిజేత. అందులో రెండు తరగతులలో, నాలుగు సంస్థలు వేర్వేరుగా ఇచ్చే పట్టాలను నాలుగింటినీ ఒక్కచోట చేర్చినవాడు. ఇంత చేసినా అతనిని వెన్నాడే ప్రశ్న ఒకటున్నది. "గెలిచాడు సరే, ఎవరి మీద?" అని. తగిన ఉజ్జీ ఎదురుపడలేదనీ, వచ్చినవారు ముదిసినవారో అనామకులో అనీ, అదీ సొంతగడ్డ మీదనే అనీ ఆక్షేపణ.

తెలుగు పంతులుకు ముష్టియుద్ధంతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చును. కాని ఈ ప్రశ్న మన ఆలంకారికులకు కొత్తది కాదు. నాయకుని గుణాలను వర్ణించి, ఆపైన అతనిచేత శత్రువులను గెలిపించడం ఒక పద్ధతి. శత్రువు వంశాన్నీ పరాక్రమాన్నీ విద్యనూ కూడా కొనియాడి, అంతటివానిని నాయకుడు జయించాడని చెప్పడం రెండవ పద్ధతి. ఈ రెండవదే తనకు ప్రీతి కలిగిస్తుందని దండి కావ్యాదర్శంలో చెప్పాడు. రావణుని తొలిసారి సభలో చూచినప్పుడు హనుమంతుడంతటివాడు ఆ తేజస్సుకు అబ్బురపడ్డాడని వాల్మీకి వ్రాసినది ఇందుకే కాబోలు.

కావ్యంలో ప్రతినాయకుని పెంచడం కవి చేతిలో పని. బరిలో ఆ వెసులుబాటు లేదు. ఓడినవాడు ఓడిన క్షణంలోనే లోకం కంటికి చిన్నవాడైపోతాడు. రెండు రౌండ్లలో కూలినవానిని చూచి "వీడూ ఒక యోధుడేనా" అంటారు. కొట్టినవాని సత్తువ వల్ల కూలాడో, తన లోపం వల్ల కూలాడో ఆ ఒక్క రాత్రిని పట్టి తేల్చలేము. అందుచేత నేను మరొక గీటురాయి పెట్టుకున్నాను. ఓడినవాడు ఆ తరువాతి సంవత్సరాలలో ఏమి సాధించాడన్నది చూడాలి.

దీనికి జపాను చరిత్రలోనే మేలైన ఉదాహరణ ఉన్నది. అతడు ఫైటింగ్ హరాదా. అసలు పేరు మసాహికో హరాదా. పుట్టినది 1943లో, టోక్యోలో. 1962 అక్టోబరులో మరొక యోధుడు తప్పుకోగా దక్కిన అవకాశంతో, పందొమ్మిదేళ్ళ వయసులో, థాయిలాండు వీరుడు పోన్ కింగ్‌పెచ్‌ను 11వ రౌండులో పడగొట్టి ఫ్లైవెయిట్ విజేత అయ్యాడు. మూడు నెలలకే బాంకాక్‌లో అదే పోన్ చేతిలో ఆ పట్టం పోయింది. ఫ్లైవెయిట్ అంటే 50.8 కిలోలు మించరాదు. ఎదిగే వయసు కుర్రవానికి అది కడుపు కట్టుకొనే వ్యవహారం. హరాదా పై తరగతి అయిన బాంటమ్‌వెయిట్‌కు మారాడు. అక్కడ సింహాసనం మీద కూర్చున్నవాడు బ్రెజిల్ దేశీయుడు ఎదెర్ జోఫ్రె.

జోఫ్రెను వారి దేశంలో బంగారు కోడిపుంజు అని పిలిచేవారు. మన గోదావరి జిల్లాలవారికి ఆ బిరుదు బరువు విడమరచి చెప్పనక్కరలేదు. అప్పటికి అతడు చేసినవి 50 పోరాటాలు. మూడు సమానంగా ముగిశాయి, తక్కినవన్నీ గెలుపులే. 1965 మే 18న నగోయాలో హరాదా 15 రౌండ్లు అతనితో తలపడి, న్యాయనిర్ణేతలు ఏకాభిప్రాయానికి రాని తీర్పుతో గెలిచాడు. బరువు తగ్గించుకోలేక జోఫ్రె నీరసించాడన్నారు, ఊరు హరాదాది గనుక తీర్పూ అతనిదే అయిందన్నారు. 1966 మే 31న టోక్యోలో ఇద్దరూ మళ్ళీ కలబడ్డారు. ఈసారి న్యాయనిర్ణేతలందరూ హరాదా పక్షమే. ఆ పోరాటానికి జపాను టెలివిజన్‌లో లభించిన వీక్షణ 63.7 శాతం. ఆ దేశంలో అత్యధికమైన వాటిలో అది ఒకటి.

జోఫ్రె బరి నుండి తప్పుకున్నాడు. కథ అక్కడితో ఆగి ఉంటే, హరాదా ఓడించినది వాడిన పువ్వునే అనే మాట స్థిరపడిపోయేది. కాని జోఫ్రె 1969లో తిరిగి వచ్చాడు. 1973లో, 37 ఏళ్ళ వయసులో, హొసె లెగ్రాను ఓడించి ఫెదర్‌వెయిట్‌లో మరల ప్రపంచవిజేత అయ్యాడు. జీవితమంతటిలో అతడు చేసిన పోరాటాలు 78, ఓటములు రెండు. ఆ రెండూ హరాదా చేతిలోనే. హరాదా గొప్పతనానికి జోఫ్రె ఏడేళ్ళ తరువాత వచ్చి సాక్ష్యం చెప్పాడన్నమాట.

సొంతగడ్డ అనుకూలత గురించి ఒక మాట. 1969లో హరాదా మూడవ తరగతి పట్టం కోసం సిడ్నీకి పోయి, జానీ ఫామెషాన్‌ను ఒకటికి మించిన సార్లు నేల కరిపించాడు. రిఫరీ అయిన విల్లీ పెప్ ఒక్కడే న్యాయనిర్ణేత. మొదట సమానమని ప్రకటించి, తరువాత కాగితం మళ్ళీ లెక్కపెట్టి, విజయం ఫామెషాన్‌దేనన్నారు! సొంతగడ్డ మేలు ఒక్క జపానువారికే దక్కిందనేవారు ఈ సంగతి మరువరాదు.

ఒకినావాలో పుట్టిన యోకో గుషికెన్‌పైన ఇదే ఆక్షేపణ ఇంకా గట్టిగా ఉండేది. 1976లో తన తొమ్మిదవ పోరాటంలోనే లైట్ ఫ్లైవెయిట్ పట్టం గెలిచి, 13 సార్లు నిలబెట్టుకున్నాడు. అయితే ఆ తరగతి పుట్టినదే 1975లో. పట్టం నిలుపుకొన్న పోరాటాలన్నీ జపానులోనే జరిగాయి. రెండవ సంస్థ విజేతతో అతడు తలపడనే లేదు. ఈ లోపాలు కాదనలేనివి. అయినా గీటురాయి మీద గీస్తే బంగారం కొంత కనబడుతుంది. 1979లో అతని చేతిలో ఓడిన పనామావాసి రఫాయెల్ పెద్రోజా 1981లో పై తరగతిలో విజేత అయ్యాడు. 1980 అక్టోబరులో ఓడిన మెక్సికో యోధుడు పెద్రో ఫ్లోరెస్, అయిదు నెలలకే ఒకినావాకు వచ్చి గుషికెన్ పట్టాన్నే ఊడలాగుకొని పోయాడు. గుషికెన్‌కు అదే చివరి పోరాటం, అదే ఏకైక ఓటమి.

ఇక ఇనౌయె. అతని చేతిలో ఓడి, ఆ తరువాత ప్రపంచ పట్టం గెలిచినవారు నా లెక్కకు అయిదుగురు తేలారు. 2013లో జపాను జాతీయ పట్టం కోసం జరిగిన పోరులో ఓడిన రియోఇచి తగుచి, మరుసటి ఏడు చివరి దినాన ప్రపంచవిజేత అయి, 2017లో రెండవ పట్టం కూడా చేర్చుకున్నాడు. 2019లో గ్లాస్గోలో రెండవ రౌండులోనే కూలిన ఇమాన్యుయెల్ రోడ్రిగెజ్ 2023లో తన పట్టాన్ని మళ్ళీ సంపాదించాడు. 2020లో లాస్ వేగాస్‌లో పడిన జేసన్ మొలోనీ కూడా 2023లోనే విజేత అయ్యాడు. 2023 వరకు ఓటమి ఎరుగని స్టీఫెన్ ఫుల్టన్ ఎనిమిదవ రౌండులో కూలి, 2025 ఫిబ్రవరిలో ఫెదర్‌వెయిట్ పట్టం గెలిచాడు. జోఫ్రె ఎక్కిన మెట్టే అది.

అయిదవవాడు ఫిలిప్పీన్స్ యోధుడు నొనీతో దొనైరె. అతనిని గురించి కాస్త నిలిచి చెప్పాలి. 2019 నవంబరులో సైతమాలో ఇనౌయెతో తలపడేనాటికి దొనైరెకు 36 ఏళ్ళు. ఇంకేమున్నది, కాలం చెల్లినవాడన్నారు. ఆ కాలం చెల్లినవాడే రెండవ రౌండులో ఇనౌయె కంటిగూటి ఎముక విరగ్గొట్టి, పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. తీర్పు ఇనౌయెకే వచ్చింది. 2021లో దొనైరె, 38 ఏళ్ళ వయసులో, అంతవరకు ఓటమి లేని నోర్దీన్ ఊబాలీని నాలుగవ రౌండులో పడగొట్టి విజేత అయ్యాడు. మరుసటి ఏడు ఇనౌయె అదే దొనైరెను రెండు రౌండ్లలో ముగించాడు. ఈ మూడు తేదీలను వరుసగా పెట్టుకొని చూచినవారు "ముదిసినవాడు" అనే మాటను ఇంత తేలికగా వాడరు.

సొంతగడ్డ ఆక్షేపణలో సగమే సత్యం. గ్లాస్గో, లాస్ వేగాస్, రియాద్‌లలో అతడు పోరాడాడు. తక్కినవి చాలావరకు జపానులోనే జరగడానికి కారణం అక్కడి జనాదరణ, దాని వెనుక ధనం. 2024 మేలో టోక్యో డోమ్‌లో లూయిస్ నేరీ తొలి రౌండులోనే ఇనౌయెను నేలకు కరిపించాడు. 2025 మేలో లాస్ వేగాస్‌లో రమోన్ కార్దెనాస్ కూడా పడగొట్టాడు. రెండుసార్లూ లేచి గెలిచాడు. ఉజ్జీలు లేనివానికి ఈ అవస్థలు ఎక్కడివి?

అయితే ఆక్షేపణ మొత్తం కొట్టివేయదగినదీ కాదు. 2024 సెప్టెంబరులో టి.జె. డొహెనీ, 2025 జనవరిలో అసలు ప్రత్యర్థి గాయపడగా బదులు వచ్చిన కొరియా యోధుడు కిమ్ యెజున్, ఈ ఇద్దరూ అతనికి ఈడుజోడు కారు. దీనికంటె పెద్ద లోటు నికరాగ్వా వీరుడు రోమన్ గొన్సాలెస్ విషయంలో మిగిలిపోయింది. 2016 సెప్టెంబరు నుండి 2017 మార్చి వరకు ఇద్దరూ ఒకే తరగతిలో వేర్వేరు పట్టాలతో ఉన్నారు. 2017 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని కార్సన్‌లో, ఒకే రాత్రి ఒకే బరిలో ఇద్దరూ దిగారు, ఒకరి మీద ఒకరు మాత్రం కాదు. ఇనౌయె ఆంటోనియో నీవెస్‌ను ఆరు రౌండ్లలో నిలువరించాడు. గొన్సాలెస్ థాయి యోధుడు శ్రీసకేత్ చేతిలో నాలుగవ రౌండులో కుప్పకూలాడు. మరుసటి సంవత్సరం ఇనౌయె పై తరగతికి వెళ్ళిపోయాడు.