చారల చేప

చేపను ముట్టని యింటఁ బుట్టి, ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు బాలవ్యాకరణము చెప్పిన నేను నేఁడొక చేప చరిత్రమునకుఁ బూనుకొనుట మీకు వింతగాఁ దోఁపవచ్చును. నా వలన నొక వృద్ధునకు నష్టము కలిగినది. అదియే దీనికిఁ గారణము. ఆ మాట కడపటఁ జెప్పెదను.

ఉత్తరామెరికా తూర్పుతీరమున స్ట్రైప్డు బాసు అను చేప కలదు. వెండివంటి మేనిపైఁ దలనుండి తోఁకవఱకు ఏడెనిమిది నల్లని చారలుండుటచే దీనిని మనము చారల చేప యందము. ఇది సముద్రమునఁ దిరిగి, వసంతమున గ్రుడ్లు పెట్టుటకు హడ్సను నదిని, చెసపీకు అఖాతముఁ జేరు నదులను ఎదురెక్కును. వఱదనీటితో గోదావరి నెక్కు పులస నెఱిఁగిన మనవారికి దీని నడత విప్పి చెప్పనక్కఱలేదు. పులసకు రుచివలనఁ బేరు వచ్చినది; దీనికి బలమువలన వచ్చినది.

1614లో ఆ తీరముఁ జూచిన జాన్ స్మిత్ అను ఆంగ్ల నావికుఁడు, పోటు మఱలు వేళ వీని వెన్నులపై నడచి పాదము తడవక దాఁటవచ్చునేమో యని తోఁచినట్లు వ్రాసెను. కవి వ్రాసినచో అతిశయోక్తి యని త్రోసివేసి యుందును. కాని 1639లో మసాచుసెట్సు వలసరాజ్యపు సభ, బాసు చేపను, కాడు చేపను పొలములకు ఎరువుగా వాడరాదని శాసించెను. ఎరువు వేయుటకుఁ జాలినన్ని చేపలు లేనిదే యట్టి శాసన మేల పుట్టును?

1670లో ప్లిమత్ వలసవారు మఱియొక పని చేసిరి. కేప్ కాడ్ తీరమున బాసు మున్నగు చేపలఁ బట్టుటవలన వచ్చు ఆదాయమును ఉచిత పాఠశాలకుఁ గేటాయించిరి. నెలల తరబడి జీతమునకై కాచుకొన్న బడిపంతులనగుట నాకీ ముక్క గుండెకు హత్తుకొనినది. చేప బడిపంతులకు అన్నము పెట్టిన దేశమది!

తరువాత ధనికుల వంతు వచ్చెను. 1864లో న్యూయార్కు శ్రీమంతులు కటీహంక్ ద్వీపమున నొక సంఘమును స్థాపించి, బండలమీఁదుగాఁ గడలిలోనికి సన్నని వంతెనలు కట్టి, వానిపై నిలిచి గాలము వేసిరి. జీతగాండ్రు ఎరను కోసి నీటఁ జల్లుచుండిరి. ఆ ద్వీపమునకుఁ జేరువనే 1913లో చార్లెస్ చర్చి యనునతఁడు 73 పౌండ్ల చేపను బట్టెను. దానిని మించినది అఱువదియేండ్లకుఁ బైఁగాఁ బట్టుబడలేదు.

1970ల చివరనుండి చేప తఱిఁగిపోయెను. 1982 సెప్టెంబరు 21వ నాఁటి రాత్రి, గాలివానలో, అట్లాంటిక్ సిటీ రాతికట్టపై నిలిచి ఆల్బర్టు మెక్‌రెనాల్డ్సు 78 పౌండ్ల 8 ఔన్సుల చేపను గట్టెక్కించెను. క్షామకాలమున నంత పెద్ద చేప యెట్లు దొరకెనని అడుగుదురేమో! పిల్లలు పుట్టని ఊర ముసలివారు మిగిలినట్లు, ముదురు చేపలే మిగిలియుండెను. 1984లో ఆ దేశపు కాంగ్రెసు రక్షణచట్టము చేసెను. 1985 నుండి అయిదేండ్లు మేరీలాండు రాష్ట్రమున దీనిని బట్టుటయే మానిపించిరి. 1995 నాఁటికిఁ జేప తిరిగి పెంపొందినదని ప్రకటించిరి. మరల తగ్గుచున్నదని 2023లో, సముద్రతీరమున వినోదమునకై గాలము వేయువారు 31 అంగుళములను మించిన ప్రతిచేపను మరల నీట విడువవలెనని నియమించిరి.

ఇఁక నా మాట. 2024 సెప్టెంబరులో మసాచుసెట్సునందు నా కుమారుని యింట నుంటిని. పొరుగింటి వృద్ధ వడ్రంగి యొకఁడు నన్ను ‘ప్రొఫెసరు’ అని పిలుచుచు మన్నించుచుండెను. ఏఁబది పౌండ్ల చేప నొక్కదానిని ఒడ్డునుండి పట్టవలెనని నలువది యేండ్లుగా నాతని కోరిక. పట్టినను ఇంటికిఁ దెచ్చుట లేదు; తడిమి, కొలిచి విడుచుటయే. ఒకరాత్రి నన్నుఁ గేప్ కాడ్ తూర్పుతీరమునకుఁ దోడు రమ్మనెను. నా చేతికి టార్చిదీప మిచ్చి, “నేను చెప్పువఱకు నీటిపై వెలుఁగు పడనీయకుఁడు” అనెను. చీఁకటిలో నా చేప మోకాలిలోఁతు నురుగులోనికి మేఁతకు వచ్చును. వెలుఁగు చూచినచోఁ బాఱును.

సజీవమగు మలుగుపామును గాలమునకుఁ గ్రుచ్చి విసరెను. అర్ధరాత్రము దాఁటినపిదప గఱ్ఱ విల్లువలె వంగెను. చక్రము గిఱ్ఱున నఱచెను. అల లోపలికి లాగునపుడు దారము వదలుచు, అల యొడ్డునకు వచ్చునపుడు చుట్టుచు, అరగంట సేపు పెనఁగులాడెను. తుదకు నురుగులోఁ దెల్లని ప్రక్క యొకటి పొరలెను. అతఁడు చక్రపు పట్టు బిగించి, గట్టెక్కించు అలకై కాచుచుండెను. ఎంత పెద్దదో చూడవలెనను ఆత్రమున నా వ్రేలు మీటను నొక్కెను.

వెలుఁగులో ఆ చారలు కానవచ్చినవి. ఒక్క క్షణమే! తోఁక నీటిని గొట్టెను. వెనుకకుఁ బోవు అలతోఁ గూడి చేప తిరిగెను. బిగించిన దారము తుపాకి ప్రేలినట్లు తెగెను.

అతఁడు నన్నేమియు ననలేదు. తెగిన కొనను వ్రేళ్లతోఁ దడవి చూచి, “ఏఁబదికిఁ దక్కువ యుండదు” అని తనలోఁ దా ననుకొనెను. నేను క్షమాపణ చెప్పఁబోఁగా, “మీరు చూచితిరా? నేనలవైపు చూచుచుంటిని” అని యడిగెను. చూచితినంటిని. ఎన్ని చారలో, తోఁక యెంత వెడల్పో కారు చేరువఱకు గ్రుచ్చి గ్రుచ్చి యడుగుచునే యుండెను. దీపము వెలిగింపక, ఇసుకలోఁ దడబడుచు, తెలిసినంతవఱకుఁ జెప్పుచు నాతని వెంట నడచితిని.