అమీర్‌పేట క్వాలిస్, రెండు బోల్టులు, అరిగిన టైర్లు

హైదరాబాదు ఐటీ చరిత్ర అనగానే అందరం 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభం దగ్గర మొదలెడతాం. తర్వాత మైత్రీవనం, కోర్సులు, వీసాలు. ఆ టవర్స్‌కి మనల్ని రోజూ మోసిన బళ్ళ చరిత్ర మాత్రం ఎవరూ రాయరు. కనీసం వాటి ముందు చక్రాల గురించైనా రాద్దామని ఈ టపా. నేనో పాత బాకీ కూడా తీర్చుకోవాలి లెండి.

2003లో అమీర్‌పేటలో ఉండేవాణ్ణి. పొద్దున్నే మైత్రీవనం దగ్గర ఆఫీసు క్వాలిస్ ఎక్కితే పంజాగుట్ట, నాగార్జున సర్కిల్, చెక్‌పోస్టు, మాదాపూర్. లోపల ఎనిమిది మందిమి. స్పీడు బ్రేకర్ వచ్చినప్పుడల్లా ముందు భాగం కింద గీరుకునేది. ఒక సోమవారం చూస్తే బండి ముందు వైపు కాస్త లేచి ఉంది. "మెకానిక్ దగ్గర ఎత్తు పెంచా సార్" అన్నాడు డ్రైవరన్న సంతోషంగా. ఆ వారం నించే బండి ఎడమకి లాగడం మొదలెట్టింది. డ్రైవింగ్ బాలేదని నేను ఆఫీసులో కంప్లైంటు రాసేశా. అతనికి వారం రోజులు ట్రిప్పులు ఆపేశారు.

ఇంతకీ అతని తప్పేంటి? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో మన దగ్గర రోడ్డు రవాణా మొదలెట్టింది. ఆ తరం బస్సులకీ లారీలకీ ముందు ఒకటే గట్టి ఇరుసు, దాని మీద కమాను కట్టలు. ఈ ఏర్పాటులో ఎత్తు మార్చినా చక్రాలు నిలువుగా నిలబడే కోణం, అంటే క్యాంబర్, దాదాపు మారదు. అది ఇరుసులోనే పోతపోసినట్టు ఉంటుంది. మారేది క్యాస్టర్, అంటే స్టీరింగ్ తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలే కోణం. ఇరుసుల మధ్య 4200 మి.మీ. దూరం ఉన్న లారీని ముందు 50 మి.మీ. లేపితే ఛాసిస్ దాదాపు 0.7 డిగ్రీలు వెనక్కి వాలుతుంది, దాంతోపాటు క్యాస్టర్ కూడా అంత పెరుగుతుంది. స్టీరింగ్ బాక్సు నించి ఇరుసుకి వచ్చే రాడ్డు కోణం కూడా మారి స్టీరింగ్ చక్రం కొంచెం వంకరగా నిలుస్తుంది. అందుకే అనుభవమున్న లారీ మెకానిక్కులు కమాను కింద ఏటవాలు ముక్కలు పెట్టి సరిచేస్తారు.

ఇక కార్లు. 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 మనకి అంబాసిడర్‌గా వచ్చి 2014 దాకా తయారైంది. పంజాగుట్ట మీదుగా సెక్రటేరియట్‌కి పరిగెత్తిన ఆ తెల్ల బళ్ళలో ముందు చక్రాలు దేనికది విడిగా కదిలేవి. స్ప్రింగు బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీ, అదే టార్షన్ బార్. 2000 జనవరిలో వచ్చిన క్వాలిస్‌కీ ముందు అదే కడ్డీ. క్వాలిస్ పుట్టిన కిజాంగ్ కుటుంబం ఇండోనేషియాలో 1977లో చిన్న ట్రక్కుగా మొదలైంది. అంటే మనం ఎక్కింది కారు వేషం వేసుకున్న ట్రక్కు అన్నమాట :)

టార్షన్ బార్ చివర సర్దుబాటు బోల్టు ఉంటుంది. అటొకటి, ఇటొకటి. బిగిస్తే బండి లేస్తుంది. చాలామంది స్ప్రింగు గట్టిపడిందనుకుంటారు. కాదు. గట్టిదనం కడ్డీ పొడవు, మందం, ఉక్కు మీద ఆధారపడుతుంది. బోల్టు మార్చేది నిలబడే ఎత్తునే. చక్రం కిందికి దిగడానికి మిగిలిన చోటు తగ్గడం వల్ల గుంతల్లో ఎక్కువ కొడుతుంది, అంతే.

అసలు చిక్కు వేరే ఉంది. ఎత్తు మారగానే పైచేయి, కిందచేయి కోణాలు మారతాయి. రెండిటి పొడవులు వేరు కాబట్టి క్యాంబర్ మారుతుంది. టై రాడ్ ఇంకో వంపులో తిరుగుతుంది కాబట్టి చక్రాల ముందు అంచులు దగ్గరకో దూరానికో జరుగుతాయి. దీన్నే టో అంటారు. 650 మి.మీ. టైర్ల మీద మొత్తం టో 3 మి.మీ. తప్పితే, లెక్క ప్రకారం ఒక్కో టైరునీ కిలోమీటరుకి దాదాపు 2.3 మీటర్లు పక్కకి ఈడ్చినట్టే. రెండు బోల్టులూ సమానంగా బిగించకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది కూడా.

మన భాషలో చెప్పాలంటే ఒక పారామీటర్ మార్చి రిగ్రెషన్ టెస్టు చేయకుండా ప్రొడక్షన్‌కి పంపడం. సరైన వరస ఇదీ: ముందు టైర్లలో గాలి, బుష్షులు, బాల్ జాయింట్లు చూడాలి. చదును నేల మీద రెండు పక్కలా ఎత్తు కొలిచి సరిచేయాలి. బండిని కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించి మళ్ళీ కొలవాలి. తర్వాత క్యాస్టర్, క్యాంబర్. టో చిట్టచివర, ఎందుకంటే ముందువి కదిలిస్తే అది మళ్ళీ మారుతుంది.

నెల తర్వాత అన్న టైర్లు చూపించాడు. బయటి అంచు కొత్తగానే ఉంది, లోపలి అంచు దారాలు తేలింది. ఎత్తు పెంచడానికి మెకానిక్‌కి డబ్బులిచ్చాడు గానీ, అలైన్‌మెంట్ ఖర్చు తర్వాత చూద్దామనుకున్నాడట. ట్రిప్పుకింత అని బతికేవాడు మరి. రెండు టైర్లూ అతని జేబులోంచే. ఎత్తు పెంచింది ఎవరి కోసం? మా ఎనిమిది మంది బరువు మోయడానికే. వారం ట్రిప్పులు ఆపించింది ఎవరు? నేను. ఆ రోజు సారీ కూడా చెప్పలేదు.

2005లో క్వాలిస్ తయారీ ఆగిపోయింది. 2019 మార్చి 20 నించి అమీర్‌పేటలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగొచ్చు. అయినా రాత్రి షిఫ్టులకి క్యాబులు నడుస్తూనే ఉన్నాయి. ఈసారి మీ క్యాబు పక్కకి లాగితే ఫీడ్‌బ్యాక్ రాసేముందు "అన్నా, ఈ మధ్య ముందు ఎత్తు ఏమైనా మార్పించావా?" అని ఒక్క మాట అడగండి. నేను అడగలేదు.