పొగలేని వంటిల్లు: ఆరోగ్యానికి, వాతావరణానికి మేలు

కట్టెలు, పిడకలు, పంట వ్యర్థాలు సరిగా మండనప్పుడు సూక్ష్మ ధూళికణాలు (పీఎం 2.5), కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి. ఈ పొగ న్యుమోనియా, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి, గుండెజబ్బు, పక్షవాతం ముప్పును పెంచుతుంది. ఇందులోని నల్ల కార్బన్ భూతాపానికీ కారణమవుతోంది. ఇళ్లలోని వాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి దగ్గర ఎక్కువసేపు గడిపే మహిళలకు, చిన్నారులకు ముప్పు అధికం.

పేద కుటుంబాల మహిళలకు వంటగ్యాస్ కనెక్షన్లు అందించే ప్రధానమంత్రి ఉజ్వల యోజన 2016 మే 1న ఉత్తర్‌ప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభమైంది. వంటగ్యాస్ శిలాజ ఇంధనమే అయినా కట్టెలతో పోలిస్తే ధూళికణాలను చాలా తక్కువగా విడుదల చేస్తుంది. అయితే సిలిండర్ ధర భారమై కట్టెల పొయ్యినీ కొనసాగిస్తే పొగ బెడద తప్పదు. ఆ పొయ్యి వాడకం పూర్తిగా ఆగినప్పుడే ఆరోగ్య ప్రయోజనం సంపూర్ణంగా దక్కుతుంది.