కాటుక రేకుల పొడ

బనగానపల్లె సీమలో నాపరాయి లేని ఊరు లేదు. ఇంటిలో పరచిన బండ అదే, దొడ్డి చుట్టూ పేర్చిన గోడ అదే. ఆ రాతి సందులు ఎలుకలకు నెలవులు. ఎలుక ఉన్న చోటికి పాము వచ్చుట సహజము. తొలకరి పడి చేలలో పని మొదలైనప్పటినుండి పాముకాటు మాట ఇక్కడి ఇండ్లలో తరచు వినబడును. పామునకు భయపడుట మనకు తెలిసినదే. ఏ పామునకు భయపడవలెనో శాస్త్రరీతిని విచారించిన తొలివారిలో ఒకడు మన తెలుగునేలమీదనే, విశాఖపట్టణములో, ఆ పని చేసినాడు. ఆ కథ మేము ఈనాడు చెప్పదలచినాము.

ఆయన ఎడింబరోలో పుట్టిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్. 1781లో సోదరుని వెంట మన దేశమునకు వచ్చినాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించినది. చెట్టుచేమలను పరిశీలించుటకు నియమితుడైనవాడు పాముకాటు వలన పోవు ప్రాణములను చూచి పాముల వెంట పడినాడు. వాటిని తెప్పించి, కోరలు పరీక్షించి, కోళ్లను కుక్కలను కరపించి, ఏది విషము గలదో, ఏది కానిదో వేరుచేసి వ్రాసికొన్నాడు.

1796లో లండనులో ఆయన గ్రంథము వెలువడినది. అందులో అనేక పాములకు ఇక్కడి జనుల నోట విన్న పేర్లే ఉన్నవి. మనము రక్తపింజర అను పామునకు అందులో ఉన్న పేరు ‘కాటుక రేకుల పొడ’. దాని వీపుమీది నల్లని మచ్చల వరుసను చూచినవారికి ఆ పేరు వివరింప నక్కరలేదు. మరుసటి సంవత్సరమే శాస్త్రజ్ఞులు ఆ పామునకు రస్సెల్ పేరు పెట్టినారు. పసుపు, నలుపు పట్టీల ‘బంగారు పాము’ పేరు ‘బంగారస్’ అయి, 1803 నుండి కట్లపాముల ప్రజాతికంతకు శాస్త్రనామమైనది. తెలుగు పల్లెల మాట ప్రపంచ శాస్త్రములో అట్లు నిలిచినది.

గుర్తించుట వేరు, మాన్పుట వేరు. ఆ రోజులలో పేరు మోసిన తంజావూరు మాత్రలలో పాషాణము ఉండెడిది. అవి ప్రాణమునకు పూచీ కాలేకపోయినవి. నిజమైన విరుగుడునకు మరి నూరేండ్లు పట్టినది. 1894లో పారిసులో కాల్మెట్ ఒకవైపు, ఫిసాలిక్స్, బెర్ట్రాండ్ మరొకవైపు, విషమునకు అలవాటు పడిన జంతువు నెత్తురులోనే విరుగుడు కలదని చూపినారు. నేడు మన ఆసుపత్రులలో ఇచ్చు మందు గుఱ్ఱముల నెత్తురునుండి తీసినది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకు పనిచేయును. దానికి కావలసిన విషమును 1978లో మద్రాసు చెంత ఏర్పడిన ఇరుళుల సహకార సంఘము సేకరించుచు వచ్చినది. పాములను ఎరిగిన జనుల తెలివి ఇక్కడను అక్కరకు వచ్చినది.

మందు ఉండియు, 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము మన దేశములో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో మరణించుచున్నారు. మంత్రమునకు, పసరునకు పోయిన గంటలు ప్రాణమును తీయుచున్నవి. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని 2024లో కేంద్ర ప్రభుత్వము ప్రణాళిక ప్రకటించినది. ఆ పని ఇంటిలోనే మొదలుకావలెను.

కట్లపాము రాత్రివేళ నేలమీద పండుకొన్నవారిని కరచును. నొప్పి ఇంచుమించు తెలియదు. కనుక మంచముమీద, దోమతెర అంచులు పరుపు క్రిందికి దోపి నిద్రించుట మేలు. చిన్నపింజర బండల క్రింద దాగును. కట్టెతో కదిలించి చూడక బండ ఎత్తరాదు. చీకటిలో దీపము, చేనిలో చెప్పులు విడువరాదు.

కాటు పడినచో గాయమును కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. ఉంగరములు, కడియములు తీసివేసి, కరచిన కాలినో చేతినో బద్దకు కట్టి కదలకుండ ఉంచి, నడిపింపక, బండిలో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. పామును చంపి తెచ్చుటకై ఒక్క నిమిషమైనను పోగొట్టరాదు.