ఒక కన్ను, 45 మ్యాచ్‌లు, ఇరవై ఏళ్ళ తిరుగుడు: విలీ ఓరీ కథ

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌ని దేనికైనా ఆనించి పెట్టి, అరచేత్తో కుడి కన్ను మూసుకోండి. పక్కనున్న వాళ్ళని మీ కుడివైపు నుంచి ఏదైనా విసరమనండి. బంతి వద్దులెండి, దిండు చాలు. పట్టుకోగలిగారా? తల మొత్తం అటు తిప్పితే తప్ప అది వస్తున్నట్టే తెలీదు కదా. ఇప్పుడు అదే పని మంచు మీద, బ్లేడ్ల బూట్లు వేసుకుని దూసుకెళ్తూ, మిమ్మల్ని గుద్ది పడేయడానికి ఒకడు ఎదురొస్తుంటే చేయాలి. విలీ ఓరీ ఆ పని ఇరవై ఏళ్ళకు పైగా చేశాడు. అదీ జట్టు వాళ్ళకి తెలీకుండా.

ఇంటర్నెట్‌లో ఓరీ గురించి వెతికితే మొదట ఒకే ముక్క వస్తుంది: అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. నిజమే. కానీ ఆ లీగ్‌లో అతను ఆడింది మొత్తం 45 మ్యాచ్‌లు. మరి మిగతా జీవితమంతా ఏం చేశాడు? నాకు ఆసక్తిగా అనిపించింది అదే. మన సురభి నాటకాల వాళ్ళు ఊరూరా తిరిగి ఆడినట్టు, ఈయన చిన్న లీగుల్లో పెట్టే బేడా సర్దుకుంటూ తిరిగాడు. ఇలాంటి వాళ్ళని అక్కడ జర్నీమ్యాన్ అంటారు. స్టార్ కాదు, అలాగని పనికిరానివాడూ కాదు. ఆటే పొట్టకూడు అన్నమాట.

1935 అక్టోబర్ 15న కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రం, ఫ్రెడరిక్టన్‌లో పుట్టాడు. పూర్వీకులు అమెరికాలో బానిసత్వం తప్పించుకుని వచ్చినవాళ్ళు. చిన్నప్పట్నుంచీ హాకీ, బేస్‌బాల్ రెండూ ఆడేవాడు. 1949లో బేస్‌బాల్ జట్టుతో న్యూయార్క్ వెళ్ళినప్పుడు, రెండేళ్ళ క్రితమే పెద్ద లీగ్‌లో వర్ణరేఖ దాటిన జాకీ రాబిన్సన్‌ని కలిశాడు. నేను హాకీ కూడా ఆడతాను అని చెప్తే, నల్లపిల్లలు హాకీ ఆడతారా అని రాబిన్సనే ఆశ్చర్యపోయాడట!

1956లో ఒక బేస్‌బాల్ జట్టు పిలిస్తే సెలక్షన్ కోసం జార్జియాలోని వేక్రాస్ వెళ్ళాడు. అక్కడ తెల్లవాళ్ళకి ఒక బాత్‌రూమ్, నల్లవాళ్ళకి ఇంకోటి. సెలక్ట్ కాలేదు. తిరిగి బస్సులో బయల్దేరినప్పుడు కూర్చున్నది వెనక సీట్లో. బస్సు ఉత్తరానికి వెళ్ళేకొద్దీ ఒక్కో వరుసా ముందుకు జరిగాడు. ఇక బేస్‌బాల్ వద్దనుకుని హాకీనే పట్టుకున్నాడు.

కానీ హాకీలో అప్పటికే ఒక దెబ్బ తగిలి ఉంది. ఇరవై ఏళ్ళ వయసు దగ్గర, జూనియర్ హాకీ ఆడుతుండగా పక్ ఎగిరొచ్చి ముఖానికి తగిలింది. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ళ. అప్పట్లో ఆటగాళ్ళు హెల్మెట్లు పెట్టుకునేవాళ్ళు కాదు. కుడి కంటి చూపు 95 శాతం పోయింది. ఇక ఆట మర్చిపో అన్నాడు డాక్టర్. కొన్ని వారాలకే మళ్ళీ మంచు మీదకి దిగాడు. ఒక కన్ను కనిపించని వాడు ఆడకూడదని ఎన్‌హెచ్‌ఎల్‌లో నిబంధన ఉంది. అందుకే నోరు మూసుకున్నాడు.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఓరీ ఆడేది లెఫ్ట్ వింగ్, అంటే మైదానం ఎడమ అంచున. సెంటర్ ఆటగాడు తనకి కుడివైపు ఉంటాడు. పాస్‌లు వచ్చేది ఎక్కువగా ఆ వైపు నుంచే, అంటే గుడ్డి కన్ను వైపు నుంచే! ప్రతిసారీ తలని కుడి భుజం మీదుగా తిప్పి చూడాలి. అలా తిప్పిన క్షణంలో ముందు నుంచి వచ్చేవాడు కనిపించడు.

ఈ కన్నుతోనే 1958 జనవరి 18న బోస్టన్ బ్రూయిన్స్ తరఫున మాంట్రియల్‌లో దిగాడు. ఒక ఆటగాడికి గాయమైతే క్యుబెక్ ఏసెస్ అనే చిన్న జట్టు నుంచి పిలిపించారు. బోస్టన్ 3-0తో గెలిచింది. పెద్ద హడావుడేం జరగలేదు. రెండు మ్యాచ్‌లు ఆడించి, మళ్ళీ క్యుబెక్‌కి పంపేశారు.

రెండో అవకాశం 1960-61 సీజన్‌లో వచ్చింది. 43 మ్యాచ్‌లు, 4 గోల్స్, 10 అసిస్ట్‌లు. మొదటి గోల్ 1961 జనవరి 1న పడింది. అమెరికన్ నగరాల్లో ప్రేక్షకుల తిట్లు కెనడాలో కంటే ఘోరంగా ఉండేవని తర్వాత చెప్పాడు. చికాగోలో ఒక ఆటగాడు స్టిక్ మొదలుతో మూతి మీద పొడిస్తే పళ్ళు రాలాయి, ముక్కు విరిగింది. ఓరీ కూడా ఊరుకోలేదు, స్టిక్‌తో తిరిగి కొట్టాడు. సాధువు కథ కాదండీ ఇది.

సీజన్ అయ్యాక, వచ్చే ఏడాది కూడా నువ్వు మాతోనే అన్నారు బోస్టన్ వాళ్ళు. కొన్ని వారాలకే మాంట్రియల్‌కి ఇచ్చేశారు. అప్పటికి లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు, మొత్తం కలిపి నూట ఇరవై ఉద్యోగాలు, అంతే. అందులో మాంట్రియల్ అంతకుముందే వరసగా ఐదు కప్పులు కొట్టిన జట్టు. అక్కడ చోటెక్కడిది? 1961లోనే లాస్ ఏంజెలెస్ బ్లేడ్స్‌కి, వెస్టర్న్ హాకీ లీగ్‌కి పంపేశారు.

ఇక్కడితో కథ అయిపోయిందని చాలా వీడియోలు ముగించేస్తాయి. నా లెక్కలో ఇక్కడే మొదలవుతుంది. బ్లేడ్స్ కోచ్ ఆల్ఫ్ పైక్ ఇతన్ని రైట్ వింగ్‌కి మార్చాడు. పాస్‌లు ఇప్పుడు ఎడమవైపు నుంచి, చూపున్న కన్ను వైపు నుంచి రావడం మొదలైంది. 1964-65లో 38 గోల్స్ కొట్టి ఆ లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. ఆ మార్పు బోస్టన్‌లో ఉన్నప్పుడే జరిగుంటే? కానీ మార్చండి అని అడగాలంటే ఎందుకో చెప్పాలి. చెప్తే ఉద్యోగమే పోతుంది.

సరిగ్గా ఆ కాలంలోనే మన దగ్గర ఒకాయన ఉన్నాడు. మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ. 1961 జూలైలో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో ఆయనదీ కుడి కంటి చూపే పోయింది. ఆ డిసెంబర్‌లోనే టెస్ట్ ఆడాడు, 1962లో 21 ఏళ్ళకే ఇండియా కెప్టెన్ అయ్యాడు. తర్వాత మన హైదరాబాద్ తరఫున రంజీ కూడా ఆడాడు. ఆయన కన్ను సంగతి లోకమంతా తెలుసు, దానికి మెచ్చుకున్నారు కూడా. నవాబు గారికి దాచాల్సిన అవసరం రాలేదు. పొట్ట చేతపట్టుకుని తిరిగే ఓరీకి వచ్చింది.

1967లో ఇంకో చిత్రం జరిగింది. ఎన్‌హెచ్‌ఎల్ ఆరు జట్ల నుంచి పన్నెండుకి పెరిగింది. ఉద్యోగాలు ఒక్కసారిగా రెట్టింపు! కొత్త జట్లలో ఒకటి లాస్ ఏంజెలెస్‌కే వచ్చింది. అంటే పెద్ద లీగ్ ఓరీ ఉంటున్న ఊరికే నడిచొచ్చింది. కానీ అతన్ని ఎవరూ తీసుకోలేదు. పైగా పెద్ద జట్టు రావడంతో బ్లేడ్స్ మూతపడింది. ఓరీ శాన్ డియాగో గల్స్‌కి మారాడు. 1968-69లో మళ్ళీ 38 గోల్స్, మళ్ళీ లీగ్‌లో టాప్. అప్పటికి వయసు 33. గోల్స్ కొట్టడం రాక కాదుగా మరి!

ఎన్‌హెచ్‌ఎల్‌లో రెండో నల్లజాతి ఆటగాడు మైక్ మార్సన్. వచ్చింది 1974లో. బేస్‌బాల్‌లో రాబిన్సన్ వచ్చిన కొన్ని నెలలకే రెండోవాడు వచ్చాడు. హాకీలో ఓరీ తెరిచిన తలుపు వెనకాలే మూసుకుపోయింది. అందుకే ఆ తొలి మ్యాచ్ తేదీ ఒక్కటే చెప్పి చప్పట్లు కొట్టడం నాకు నచ్చదు.

1974లో ఆ వెస్టర్న్ లీగ్ కూడా మూతపడింది. ఓరీ ఆడటం మాత్రం ఆపలేదు. చివరి సీజన్ 1978-79, శాన్ డియాగో హాక్స్‌కి. వయసు 43. తర్వాత అక్కడి హోటల్ డెల్ కొరొనాడోలో సెక్యూరిటీ ఉద్యోగం చేసుకున్నాడు. 1998లో ఎన్‌హెచ్‌ఎల్‌కి ఆయన గుర్తొచ్చాడు. అవకాశాల్లేని పిల్లలకి హాకీ నేర్పే పని ఇస్తే, మళ్ళీ పెట్టే సర్దుకుని ఊరూరా తిరిగాడు. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆటగాడిగా కాదు, ఆటకి సేవ చేసినవాళ్ళ కోటాలో.

2022 జనవరి 18న, తొలి మ్యాచ్‌కి సరిగ్గా 64 ఏళ్ళకి, బోస్టన్ స్టేడియంలో ఆయన 22వ నంబర్ జెర్సీని పైకప్పుకి ఎత్తారు. ఇక ఆ జట్టులో ఇంకెవరూ ఆ నంబర్ వేసుకోరు. కోవిడ్ వల్ల 86 ఏళ్ళ ఓరీ అక్కడికి వెళ్ళలేదు. శాన్ డియాగోలో కూర్చుని స్క్రీన్ మీద చూశాడు.